గోరంత

గోరంతను కొండంత చెయ్యడమే నా ఉద్యోగం.
టిబిలిసిలో, కురా నదికి చెవి ఒగ్గిన వీధిలో
మూడో అంతస్తు, చివరి గది.
తలుపు మీద "ఎతేరి, ల్యాబ్" అని ఉంటుంది,
ఇంటిపేరు ఎవరో గీకేశారు.

జుంబేర్ వచ్చింది ఫిబ్రవరిలో.
గంధకపు స్నానశాలల్లో ఒళ్ళు రుద్దే మనిషి,
ముప్పై ఒక్క ఏళ్ళుగా
ఊరి మురికంతా గరుకు తొడుగుతో ఒలిచినవాడు.
మనిషి కంటే ముందు వాసన వచ్చింది,
ఉడికిన గుడ్డు వాసన.
"క్షమించండి, ఇది నాది కాదు, నీళ్ళది" అన్నాడు.
కుడి బూటు విప్పడానికి
ఎడమ బూటు కంటే చాలాసేపు పట్టింది.

బొటనవేలి గోరు
పాత తేనెమైనం రంగులో ఉంది.
కొస పొరలు పొరలుగా లేచింది,
కింద పిండి రాలుతోంది.
నొక్కితే నొప్పి లేదు.
నొప్పంతా చూసేవాళ్ళ కళ్ళలో ఉందట.
ఎవరో పెళ్ళికొడుకు చలువరాతి పలక మీద పడుకొని
ఆ వేలిని చూసి
"ఇంకొకరిని పంపండి" అన్నాడట.
ఆ రోజు నుంచీ రబ్బరు బూట్లు.
ఆవిరిలో రబ్బరు బూట్లు!
బూజుకి ఇల్లు కట్టి తాళం వేసినట్టే,
కానీ నేను అనలేదు.

వెనిగర్ పోశాడు. సారాలో నానబెట్టాడు.
బావమరిది ఇచ్చిన ట్యూబు ఏదో
నిన్న రాత్రి కూడా పూశాడు.
"బూజేనని అందరూ అంటున్నారు,
మందు రాసిస్తే చాలు."
అందరూ అనేది దాదాపు సగంసార్లే నిజం.
సోరియాసిస్ కూడా ఇదే వేషం కడుతుంది,
ఇరుకు బూటు దెబ్బా ఇలాగే పసుపెక్కుతుంది.
ఆలూ చూలూ లేకుండా
కొడుక్కి పేరు పెట్టడం నాకు రాదు.

మొదటిసారి కొస కత్తిరించి చూశాను.
ఏమీ లేదు.
కల్చర్ పళ్ళెంలో నాలుగు వారాలు
ఏమీ మొలవలేదు.
"లేదు" అని రాయబోయి ఆగాను.
లేకపోవడం వేరు, దొరకకపోవడం వేరు.
మందు పూసిన గోట్లో వెతకడం
కడిగిన గడప మీద అడుగుజాడ వెతకడం.
"అన్నీ ఆపేసి మే నెలలో రండి."

మేలో లోపలికి వెళ్ళాను,
చచ్చిన గోరు దాటి
బతికిన గోటితో అది సరిహద్దు పంచుకునే చోటికి.
అక్కడి పొడి గీరి, గాజుపలక మీద పెట్టి
పొటాష్ క్షారం ఒక్క చుక్క.
తర్వాత చేతులు కట్టుకొని కూర్చోవడమే.
గోరు మెత్తబడుతుంది, కరుగుతుంది, గాజవుతుంది.
వెలుతురు కాస్త తగ్గించి చూశాను.
దారాలు.
కణుపు కణుపుకీ గోడ కట్టుకొని
కొమ్మలేసిన దారాలు.
కణాల అంచులు కూడా ఒక్కోసారి దారాల్లా నటిస్తాయి,
అందుకని గులిసాను పిలిచి
ఏమీ చెప్పకుండా కుర్చీ ఇచ్చాను.
నిమిషం చూసి, "ఉంది" అంది,
మళ్ళీ తన టీ దగ్గరికి వెళ్ళిపోయింది.

మూడు వారాలకు పళ్ళెంలో తెల్లని దూది.
తిరగేశాను.
అడుగున సపెరావి ద్రాక్ష ఎరుపు.
మూత సీలు విప్పకుండానే చూపించాను.
జుంబేర్ చాలాసేపు మాట్లాడలేదు.
"మా నాన్న కుండల్లో కూడా
ఇంత రంగు ఎన్నడూ దిగలేదు" అన్నాడు.
ఇంటికి తీసుకెళ్ళొచ్చా అని అడిగాడు.
కుదరదు, ఆవిరిలో ఉడికించి పారేస్తాం అన్నాను.
"ఆవిరిలోనా? దానికి అలవాటే."

డాక్టరు మాత్రలు రాశారు.
కాలి బొటనవేలి గోరు
నెలకు మిల్లీమీటరున్నర నడుస్తుంది,
ఏడాది దాటినా కొస చేరదు.

కొత్త సంవత్సరానికి సీసా పంపాడు,
చీటీ అంటించని సీసా.
గ్లాసులో పోసుకున్నాను.
తాగేముందు ఎత్తి పట్టుకొని
అడుగు నుంచి చూశాను.