ఎక్కడ వేసిన గొంగళి

విశాఖలో చలి ఎక్కడని అడిగితే
అందరూ లంబసింగి పేరు చెబుతారు.
నాకు తెలిసిన చలి రుషికొండ మీద,
నాలుగో అంతస్తులో, గాజు తలుపు వెనక ఉంటుంది.
మే నెలలో కూడా పద్దెనిమిది డిగ్రీలు.
సర్వర్లకి ఉక్క పనికిరాదు, నిద్ర తెలీదు.
వాటికి కాపలా నేను,
రాత్రి పది నుంచి పొద్దున్న ఆరు దాకా.
ఒక ప్లాస్టిక్ కుర్చీ, ఒక రిజిస్టరు, ఒక టార్చి.

కంపెనీ ఇచ్చిన నీలం చొక్కా పల్చన.
రెండో వారానికి దగ్గు పట్టుకుంది.
మూడో వారం మా అయ్య గొంగళి తెచ్చుకున్నాను.

నల్లది. అద్దిన నలుపు కాదు,
గొర్రె పుట్టుకతో తెచ్చుకున్న నలుపు.
పద్మనాభం అవతల జోగులు తాత నేశాడు,
మా మందలో ఏడు గొర్రెల ఉన్ని.
గుంట మగ్గం మీద రెండు పట్టీలు, మధ్యన కుట్టు.
చింతగింజల గంజి పట్టించి ఆరేస్తే
లోపల మనిషి లేకుండానే నిలబడిందట.
"ఇదిగో పైడన్నా, నీకంటే ఇదే నిటారు" అన్నాడట.
కూలి కింద ఒక పొట్టేలు, రెండు కుంచాల చోళ్లు.

మొదటి ఏడు అయ్య మెడ గీరుకుపోయింది.
రెండో ఏడు అది ఆయన్ని ఒప్పుకుంది.
ఆ తర్వాత వానకి గొడుగు, మంద ఆగిన చోట పక్క,
ఈనిన రాత్రి తడిపిల్లకి మొదటి వెచ్చన.
ఒక మూల చుట్ట కాలిన చిల్లు, వేలు దూరేంత.
చిన్నప్పుడు ఆ చిల్లులోంచి సముద్రం చూసేవాణ్ని,
ఇదిగో, ఈ కొండ మీంచే.
ఇప్పుడు క్యాంటీన్ ఉన్నచోట జీడిమామిళ్లు ఉండేవి.

అయ్య పోయిన రోజు పాడె మీద కప్పుదామన్నారు.
అమ్మ లాక్కుంది.
"ఆయనకింక సలేటి?" అంది.

సూపర్‌వైజర్ దివాకర్ ముక్కు మూసుకున్నాడు.
"గొర్రెల కాపరివా, సెక్యూరిటీవా?"
రెండూ కాపలాయే కదా అనబోయి ఊరుకున్నాను.
"మీరు మారరయ్యా. ఎక్కడ వేసిన గొంగళి అక్కడే."
నిజమే సార్, గొంగళి అక్కడే ఉంది.
కొండే లేచి ఎక్కడికో పోయింది.
ఈ మాట కూడా అనలేదు.
మడిచి కుర్చీలో వేసుకుని కూర్చున్నాను.
కూర్చునే గుడ్డకి యూనిఫాం రూలు లేదు.

మొన్న ముసురు రాత్రి, ఒంటిగంటకి,
లోపల ఏదో చెడిపోయి బరంపురం కుర్రాడొచ్చాడు.
పేరు సుశాంత్. పొట్టి చేతుల టీషర్టు.
మూడింటికి పళ్లు టకటకలాడుతూ తలుపు తీశాడు:
"అన్నా, ఆ దుప్పటి ఇస్తారా?"
దుప్పటి కాదన్నాను. ఇచ్చాను.

సన్మానం శాలువాలా భుజాల మీద వేసుకున్నాడు.
రెండుసార్లు జారిపోయింది.
ఇది భుజానికి కాదు బాబూ, నెత్తికి అని
కొసలు ముడేసి కొప్పెర పెట్టాను,
అయ్య నాకు పెట్టినట్టు, చెవులు కప్పేలా.
"ఉన్నితో వీటి దగ్గరికి పోకూడదన్నా" అని నవ్వుతూనే
ముందు ఇనప చట్రం ముట్టుకున్నాడు.
చిటుక్కున చిన్న నిప్పురవ్వ.
"ఇది బతికే ఉంది" అన్నాడు.

తర్వాత వెనక్కి తిరిగి వరసల మధ్యకి నడిచాడు.
నల్లగా, వంగి, ఒక్కోదాన్నీ తడిమి చూస్తూ.
అటూ ఇటూ ఆకుపచ్చ దీపాలు మిణుకుమంటున్నాయి.
టార్చి వేస్తే మందలో కళ్లు అలాగే వెలిగేవి.
రెండు కళ్లకి ఒక గొర్రె, అయ్య లెక్క.
నేను లెక్కపెట్టాను.
నూట పన్నెండు దగ్గర తప్పిపోయాను,
మళ్లీ మొదలుపెట్టలేదు.

రిజిస్టర్లో లోపలికి వెళ్లిన సామాను రాయాలి కదా.
రాశాను: గొంగళి, ఒకటి, నలుపు.

అయిదింటికి బయటికొచ్చి నేల మీద కూర్చున్నాడు.
ఒళ్లో గొంగళి, దాని మీద బిస్కెట్ ప్యాకెట్టు.
నాకూ ఒకటి ఇచ్చాడు.
అందులో వెంట్రుక వచ్చింది.
తీసి చూసుకుని, పారెయ్యకుండా,
చొక్కా జేబులో వేసుకున్నాను.