ముల్లు కాపలా

బండిలో నా పని ఒకటే,
ముల్లును చూడటం.
స్టీరింగు పక్కన గీతలు పడ్డ గుండ్రటి అద్దం వెనక
తెల్లటి ముల్లు.
నలభై, ఎనభై, ఆ పైన ఎర్రగీత.
"ఎర్రదాని దగ్గరికి పోతే నా మోచెయ్యి గిల్లు"
అన్నాడు మమద్‌షో మామ.
అతని రెండు కళ్ళూ రోడ్డుకి,
నా రెండు కళ్ళూ ముల్లుకి.

ముర్గాబ్ నుంచి కరాకుల్‌కి పిండి బస్తాలు.
జూలై నెల. ఎండ ఉంది గానీ వేడి లేదు.
అక్‌బైతల్ కనుమ ఎక్కుడు మొదలవగానే
మామ హీటరు ఆఖరిదాకా తిప్పాడు.
ఇంజను చల్లబడాలంటే హీటరేంటి మామా?
"అది ఒక్కతే మోస్తోంది. దాని సెగ కొంత
మనం పంచుకోవద్దూ?"

మోకాళ్ళ దగ్గర పొయ్యి,
కిటికీలోంచి మంచుకొండల గాలి,
మధ్యలో నేను
సగం ఉడికిన ఆలుగడ్డని.
మా ఎత్తులో ఆలుగడ్డ ఎప్పుడూ సగమే ఉడుకుతుంది.
అమ్మ పొద్దున పెట్టిన ఎసరు ముందు
సాయంత్రందాకా తిడుతూ కూర్చుంటుంది.

ముల్లు ఎనభై దాటింది.
దాటి, వెంట్రుక వాసి జరిగింది.
ఎర్రగీతకి ఇంకా గోరంత దూరం.
నేను రెప్ప వెయ్యలేదు. ఒట్టు.
ముందు తియ్యటి వాసన వచ్చింది,
మాడిన బెల్లంలా.
తర్వాత బానెట్టు అంచుల్లోంచి
తెల్లగా, ఎవరో లోపల ముసుగు దులిపినట్టు, ఆవిరి.

గిల్లలేదేం? అని అడగలేదు మామ.
బండి పక్కకి తీసి ఇంజను కాసేపు ఊరికే తిరగనిచ్చాడు.
పరిగెత్తి వచ్చినవాణ్ణి ఒక్కసారి కూలెయ్యకూడదట.
తర్వాత ఆపాడు.
మూత మీద చెయ్యి వెయ్యబోతే నా రెక్క పట్టి లాగాడు.
అతని ముంజేతి మీద చర్మం
ఎండిన ఆప్రికాట్‌లా ముడుచుకుని ఉంటుంది.
ఇరవై ఏళ్ళ కింద తొందరపడ్డ చెయ్యి అది.

కూర్చున్నాం.
ఉప్పేసిన పాల టీ ఫ్లాస్కులో చల్లారుతోంది,
రేడియేటరు చల్లారటం లేదు.

వెనక నుంచి ఇంకో లారీ.
తుర్సునాలీ.
రెండు టైర్ల గొడవలో నాలుగేళ్ళుగా
మామ పేరెత్తని మనిషి.
ఆ రోడ్డు మీద మాత్రం ఆగకుండా పోయేవాడు లేడు.
ఆగాడు. దిగాడు. బంపరు మీద కూర్చున్నాడు.
ముగ్గురం బానెట్టు వంక చూస్తూ,
జబ్బు మనిషి మంచం పక్కన చుట్టాల్లా,
మాటల్లేకుండా.

చాలాసేపటికి అతనే ఊలు టోపీ తీసి
మూత మీద కప్పి, ఒక్క మెట్టు తిప్పాడు.
బుస్సుమనాల్సింది. ఏమీ అనలేదు.
తీసి, తిరగేసి చూశాడు.
"రబ్బరు పోయింది."
నాలుగేళ్ళ తర్వాత మొదటి మాట,
అదీ మూతతో.

తర్వాత నాతో అన్నాడు:
"నీ ముల్లు అబద్ధం చెప్పలేదు పిల్లా.
ఇక్కడ నీళ్ళు ఎనభై అయిదుకే తెర్లుతాయి.
మూత బిగువుగా అదిమి పడితేనే ఓర్చుకుంటాయి.
ఆ ఎర్రగీత గీసినవాడు
ఏ సముద్రం ఒడ్డునో కూర్చుని గీసుంటాడు."

పాత ట్యూబులోంచి కత్తితో ఉంగరం కోశాడు.
ఇంజను మళ్ళీ తిప్పి,
తన డబ్బాలో నీళ్ళు కొంచెం కొంచెంగా,
పసిబిడ్డకి పట్టినట్టు పోశాడు.
మామ గొంతు సవరించుకున్నాడు,
"ఆ టైర్లు..."
"ముందు నీళ్ళు" అన్నాడు తుర్సునాలీ.

బయల్దేరేముందు అతని ఎర్ర టేపు ముక్కొకటి అడిగి
అద్దం మీద ఎనభై అయిదు దగ్గర అంటించాను.
ఇది మా ఎత్తు గీత.

దిగుడులో ముల్లు తనంతట తనే వెనక్కి వాలింది.
హీటరు కట్టెయ్యమని నేను అనలేదు.
పక్క అద్దంలో దుమ్ము, దుమ్ములో వాళ్ళ లారీ.
మామ మాటిమాటికీ చూస్తోంది రోడ్డుని కాదు.