పదకొండో డ్రాయరు

వాల్దివియాలో వాన వార్త కాదు.
అందుకే ఆ జులైలో నది ఊళ్లోకొచ్చినప్పుడు
మొదటి పేజీకి ఒక ఏడుపు కావాల్సొచ్చింది.

రెనే తెచ్చిన ఫోటోలో
వంతెన మీద ఒకావిడ,
నుదుటికి అడ్డంగా చెయ్యి,
చెంపల మీద నీళ్లు.
కింద మావాళ్లు రాశారు:
'సర్వం కోల్పోయి కన్నీరుమున్నీరవుతున్న తల్లి.'

నాలుగో రోజున ఆ తల్లి ఆఫీసుకొచ్చింది,
మెట్లన్నిటికీ గమ్‌బూట్ల బురద పూసుకుంటూ
నేలమాళిగలో నా బల్ల దాకా.
పేరు ఒతీలియా బర్రియెంతోస్.
పిల్లలు లేరు.
ఇల్లు గుట్ట మీద, పెంకు కూడా కదల్లేదు.
పందొమ్మిదేళ్లుగా ఆమె ఉద్యోగం
నది మట్టం కొలవడం.

"చెయ్యి అడ్డం పెట్టింది వాన కళ్లలో కొట్టకుండా.
స్తంభం మీద అంకె చదవాలి కదా!
ఐదు మీటర్ల అరవై.
అది రేడియోలో చెప్పాకే
కింది వీధులవాళ్లు పరుపులు నెత్తిన పెట్టుకుని కదిలారు."
బూటు మడమ నేలకి రాస్తూ అంది:
"ఏడవడానికి నాకేం నామోషీ లేదు.
ఆ రోజు తీరిక లేదంతే."

సవరణ వేశాం.
పద్నాలుగో పేజీలో, టైర్ల ప్రకటన కింద,
చీమ తలకాయంత అక్షరాల్లో.
అందులో ఆమె ఇంటిపేరు తప్పు పడింది.

ఇక ఆ ఫోటో దాచాల్సింది నేను.
మగవాళ్లు నా దగ్గర ఇంటిపేర్ల కింద ఉంటారు,
అక్షరక్రమంలో, చచ్చినా చెదరకుండా.
ఆడవాళ్లకి వేరే బీరువా:
భార్యలు. అందగత్తెలు. బాధితులు.
పదకొండో డ్రాయరు, ఏడుపులు.
ఈ చీటీలు రాసిందెవరో కాదు,
ముప్పై ఏళ్ల కిందటి నా గుండ్రటి చేతిరాతే.

పదకొండోది లాగితే
పై అర వెనక నుంచి జారిపడింది
మా నిడియా పిన్ని.
చేపల ఫ్యాక్టరీ సమ్మె నాటిది.
'సమ్మెలో విరిసిన చిరునవ్వు' అని వేశారు అప్పట్లో.
మోచేతుల దగ్గర ఎర్ర పెన్సిలు గీత,
అక్కడికి కత్తిరించమని.
గీత కింద, అచ్చులో ఎవరూ చూడనిచోట,
ఒక చేతిలో చేపల కత్తి,
ఇంకో చేతిలో రాని జీతాల జాబితా, తడిసి.

పేపరు చూసి అమ్మమ్మ మురిసిపోయింది.
పిన్ని అందులోనే చేప చుట్టి
పక్కింటికి పంపింది.

రబ్బరుతో రుద్దాను.
మైనం పెన్సిలు, పోదు.
గోటితో గీకితే కాస్త వదిలింది,
ఒక మణికట్టు మేర.

ఒతీలియాని తీసుకెళ్లి
బర్రియా అనే బిషప్పుకీ
బర్రోస్ అనే బాక్సరుకీ మధ్య పెట్టాను.
బిషప్పు కొంచెం జరగాల్సొచ్చింది.

సాయంత్రం రెనే ఇంకో ఫోటో తెచ్చాడు.
"ఎవరీవిడ?" అన్నాను.
"ఎవరో" అన్నాడు.
మూలనున్న గొడుగు అందించాను.
"వెళ్లి కనుక్కురా."