రెండో ఆదివారం

గడియారం సెంటర్ల పొద్దుగాల ఏడింటికి
మా గైడ్ల సంఘం: ఐదుగురం, ఒక మైకు,
అదీ జహంగీర్ బామ్మర్ది బ్యాండుమేళంది.
"నల్లగొండ పాతపేరు నీలగిరి" అని మొదలువెట్టిన.
నోటికొచ్చిన పాఠమే,
ఎక్కడ లేవాల్నో చెయ్యికే ఎరుక.

చీపురు గోడకానిచ్చి
వెనక నుంచి పోశవ్వ అడిగింది:
"మరి గా సెల్‌ఫోన్ల దుకాణం కింది బావి సంగతి జెప్పవా కొడుకా?"

ఏ బావి?

చెప్పులిడిసి ముందు నడిచింది.
పదకొండు అడుగులు. ఆగింది.
"ఇగో, గిక్కడ గిరక. గా అవుతల మేము.
మేం చేదొద్దు. ఎవలన్న పోస్తే దోసిట్ల తాగుడే.
గా నీళ్లకే పండ్లు గిట్లయినయి"
అని నవ్వింది, గోధుమ మరకల నవ్వు.

మైకు జహంగీర్ చేతిలనే ఉండిపోయింది.

మినిట్స్ బుక్కుల ఏం రాయాల్నో తోచక
"బావి" అని రాసిన.
పక్కన ప్రశ్నగుర్తు వెట్టి, మళ్ల కొట్టేసిన.

ఎనిమిదిన్నరకు పానగల్లు.
ఛాయా సోమేశ్వరుని గుడిల
"ఈ నీడ ఏ స్తంభానిదో పట్టుకోండ్రి సూద్దాం"
అంట ఎప్పుడూ, అందరు నవ్వుతరు.
ఇయ్యాల గా మాట కాడికొచ్చేసరికి
గిరక చప్పుడు అడ్డమొచ్చింది.