రెండు దిక్కుల

నయీంనగర్ నాలా పక్క పొంటి
ఆరడుగుల మడిగ నాది.
ఒక జిరాక్స్ మిషను, ఒక లామినేషను,
కరెంటు పోతే ఇసురుకోను ఒక అట్టముక్క.
మనుషుల పేర్లు యాదికుండయి నాకు.
కాయితాలు యాదికుంటయి.

ఆ పిల్ల మొదటిసారి అచ్చినప్పుడు ఎనిమిదో తరగతి.
మడికొండ సర్కారు బడి బట్టలు,
చేతిల ఎవరిదో ఫౌండేషన్ పుస్తకం,
పిడికిట్ల ముప్పై రూపాయలు.
"రెండు దిక్కుల కొట్టు అంకుల్, కాయితం తక్కువైతది"
అన్నది, నాకే యాపారం నేర్పుతున్నట్టు.
అయినా పైసలు సాలలె.
లెక్కలన్ని కొట్టిచ్చుకొని
భౌతికశాస్త్రం నడుమల ఆపింది,
ఒక బండి వాలు మీదికెల్లి జారుతున్న బొమ్మ కాడ.
బండి కిందికి చేరింది దసరా పోయినంక.

అప్పటిసంది నా మిషను అలవాటు పడ్డది,
ఆ పిల్ల గడప ఎక్కితే
నా ఏలు దానంతటదే రెండు దిక్కుల మీట మీద పడేది.

పదో తరగతి హాల్ టికెట్ కు నాయిన అచ్చిండు.
మొగిలి. ఎనుమాముల మార్కెట్ల హమాలి.
మిర్చి సీజనుల మనిషి కంటె ముందు ఘాటు అస్తది.
నేను తుమ్మిన. నా ఎనుక లైనంత తుమ్మింది.
ఆయినె తప్పు చేసినట్టు రెండడుగులు బయటికి జరిగి
ఆడికెల్లే అడిగిండు,
"ఫోటో నల్లగ పడ్డది, జెర తెల్లగ కొట్టరాదా సేటు?"
తెల్లగ కొడితే పిల్ల మొఖమే పోయింది.
మల్ల నల్లగనే కొట్టిచ్చిన.

ఇంటర్ల పుస్తకాలు అడగలె.
ఖాళీ ఓఎంఆర్ షీటు, ఒక్కటే.
టై కట్టుకున్న పిల్లలు కట్టలకు కట్టలు కొట్టిచ్చుకపోతుంటే
"ఒక్కటేంది బిడ్డా?" అన్న.
పెన్సిలుతోని దిద్దుతదట, మార్కులు లెక్కవెట్టుకొని
రబ్బరుతోని తుడుస్తదట, మల్ల దిద్దుతదట.
తుడిసి తుడిసి కాయితం చిరిగిన నాడు
ఇంకొకదానికి అస్తది.
ఆ రెండేండ్లల్ల పదకొండు అచ్చింది.
ఎన్నిమాట్ల దిద్దిందో మీరే లెక్క జేసుకోండ్రి,
నాకు ఆ లెక్క రాదు.

ర్యాంకు నేను అడగలె.
జిరాక్స్ కొట్టెటోనికి అడగకున్నా కనవడ్తది.
ఐదంకెలు.
మంచిదా కాదా అని మొఖం సూస్తే
మొఖంల ఏం లేదు, నిద్ర ఉన్నది.

కౌన్సిలింగ్ కు పొద్దుగాలనే పోవాలె. ఫైలు ఇప్పింది.
ఆరునుంచి ఇంటరు దాక ఏడు బోనఫైడ్లు.
ఏడేండ్లు ఈడనే ఉన్నవా లేవా అని సర్కారు అడుగుతది.
ఉన్నది. నాకెరుక.
నా సంతకం ఎవరికి కావాలె?

ఆదాయం పత్రం గాజు మీద పెట్టిన.
ఏలు అలవాటుగ రెండు దిక్కుల మీట మీద పడ్డది.
తిప్పేసినంక సూస్తే
ఎనుక దిక్కు పెన్సిలు రాత:
తేజ 64 బస్తాలు. వండర్ హాట్ 40.
బుధవారం నడుమునొప్పి, బందు.
చిట్టి 2000. ఫీజు, దాని పక్కన ఏం రాయలె.
ముందట దిక్కు ఏడాదంత కలిపి ఒక్కటే అంకె,
తహసీల్దారు ముద్ర.

"ఎనుకది వద్దంకుల్, సారు కోపం జేస్తడు."
ఇంకొకటి ఒక్క దిక్కు కొట్టిచ్చిన.
పాడైనదానికి పైసలు తీసుకోలె.

ఆ పిల్ల సంచిల చెయ్యిపెట్టి రబ్బరు తీసింది,
మూలలరిగి, నల్లగ, రేగుపండంతే ఉన్నది.
అసలు పత్రం బోర్లేసి
జెరసేపు నిలవడ్డది.
లైన్ల ఎవరో "జల్ది" అన్నరు.
రబ్బరు మల్ల సంచిల ఏసుకొని
పత్రాన్ని అట్లనే ఫైల్ల పెట్టుకున్నది.

ఎనుక ఎవరో తుమ్మిండ్రు.
జులై నెల అది.
మిర్చి సీజను కాదు.