ఆనుకున్నప్పుడల్లా

పొద్దున పదకొండింటికి మొదలైంది.
టుడుంగ్ అంటది, పోతది.
టిడింగ్ అంటది, వస్తది.
ఆ నడుమ ఉన్నంత సేపు
దేవరకొండ బస్టాండు వెనక, ఈ ఇరుకు దుకాణంల
నా పది వేళ్లు
నీళ్లు రాని నల్లా ముందట పెట్టిన బిందెలు.

వరుసల ముందున్నది కేతావత్ జమ్కు,
గుర్రపుబండ తండా.
ఆదాయం సర్టిఫికెట్ కావాలె, బిడ్డ హాస్టల్ సీటుకు.
రేపే ఆఖరు తారీఖు.
"కేత" దాకా కొట్టిన.
టుడుంగ్.
వేలు తీసిన ముచ్చట కంప్యూటరుకు చేరనే లేదు,
పేరు గడి నిండా
కేతతతతతతతత
చలికి వణికే నోరు లెక్క.
ఆమె తలుపు సందుల నుంచి వంగి చూసినట్టు చూసి
"అంత పొడుగు లేదు సారూ నా పేరు" అన్నది.
నవ్వొచ్చింది. నవ్వలే.

తెలిసిన వైద్యమంతా చేసిన.
పిన్ను పీకి పక్క రంధ్రంల పెట్టిన,
ముందట రెండు, వెనక నాలుగు, అన్నీ అయినయి.
బోర్లేసి వీపు చరిచిన:
రెండు మరమరాలు, ఒక స్టాప్లర్ పిన్ను,
అగర్‌బత్తి బూడిద, ఎవరిదో నెరిసిన వెంట్రుక.
డ్రైవర్ తీసేసిన, మళ్ల ఎక్కించిన.
నాలుగువందల యాభై పెట్టి కొత్తది తెచ్చిన.
అదీ పోయింది, పాతదాని కంటే మర్యాదగ.

నల్గొండ గడియారం సెంటర్ల ఉండే ఖలీల్‌కు ఫోన్ చేస్తే
"లోపల ఒక టిక్కు ఉంటది తమ్మీ, తీసెయ్" అన్నడు.
వెతికిన. ఉంది.
కరెంటు పొదుపు కోసం
ఈ పరికరాన్ని ఆర్పేసుకోవచ్చునని
కంప్యూటరుకు ముందుగాల్నే ఇచ్చిన అనుమతి.
ఎవరిచ్చిండ్రో, నేనైతే ఇయ్యలే.
రెండు నిమిషాలు చెయ్యాడకుంటే
మనిషి లేనట్టే లెక్క.
ఉపాధి పనికాడ హాజరు రాసేటోళ్లకు గూడ
ఇసొంటి టిక్కే ఒకటి ఉంటదేమో.
తీసేసిన.
ఐదు నిమిషాలు బంగారం లెక్క నడిచింది.
ఆ ఐదు నిమిషాలు
వరుసంతా చాయకు పోయిందన్న సంగతి
అప్పుడు తట్టలే.

చాయ తాగి వచ్చిండ్రు.
టుడుంగ్.
తిట్టిన. కంపెనీని తిట్టిన, ఎలుకలను తిట్టిన,
బోరు మోటరు ఆన్ చేసిన పక్కింటాయనను తిట్టిన.

అప్పుడు కింది నుంచి ఒక గొంతు.
మోకాళ్లు నిలవక
గోడకు కూలబడ్డ ఈదమ్మ,
పొద్దటి నుంచి తన వంతు కోసం
మా అందరి కాళ్లనే చూస్తున్న మనిషి.
"ఓ పిలగా,
వీళ్లు ఒరిగినప్పుడల్లా
నీ బల్ల కాలు ఆ నల్లతోకను తొక్కుతున్నదిరా."

వంగి చూసిన.
కౌంటరు, నా బల్ల ఒకే చెక్క.
పేరు సరిగ పడ్డదా అని
ఎవరు ముందుకు ఒరిగినా
చెక్క వేలెడంత జరుగుతది,
తీగ బిగుస్తది,
పేరు తెగుతది.
మూడు గంటలాయె,
నేను యంత్రానికి మందు పోస్తున్న.

గోడకు నా రాతే ఉంది,
మూడేండ్ల కింద నేనే కొట్టి అంటించిన అట్ట:
"కౌంటరుకు ఆనుకొని నిలబడరాదు."
చదివినోళ్లు ఎంతమందో,
చదవనోళ్లే కదా నా దగ్గరికొచ్చేది.

పీకిన.
నాలుగు మడతలు పెట్టి
బల్ల కాలు కింద దోపిన.
తీగను గోడ పొంటి తిప్పి మేకుకు చుట్టిన.
మానిటరును సగం వాళ్ల దిక్కు మలిపిన.

"ఇగ ఒరుగు జమ్కమ్మా, మంచిగ చూసుకో."
రెండు మోచేతులు పెట్టి ఒరిగింది.
గాజులు చెక్కకు తగిలినయి.
కే, తా, వ, త్.
గాజుల సప్పుడు తప్ప
ఇంకో సప్పుడు రాలే.