ముచ్చికల కాడ అష్టాచెమ్మ

ముందు చేతులు తుడుచుకో.
నీళ్ళతో కాదు, గోనెతో.
నీళ్ళు తగిలితే మంట లేస్తుంది.
కన్ను మాత్రం నలుపుకోకు, ఎంత దురద పెట్టినా.

ఇటు రా.
ఏటుకూరు రోడ్డులో ఈ కోల్డ్ స్టోరేజీ గోడ నీడ
ఒంటిగంట నుంచి రెండు దాకా మనది.
ఎస్తేరమ్మ ఇటుకముక్కతో గీస్తుంది చూడు,
అడ్డం ఆరు గీతలు, నిలువు ఆరు.
ఇరవై అయిదు గళ్ళు.
నాలుగు పక్కలా నడిమి గడికి ఇంటూ మార్కు, అవి ఇళ్ళు.
అన్నిటికీ మధ్యలో ఉన్నది పండు.
మనం పొద్దస్తమానం ఒలిచేవీ కాయలే,
ఇక్కడ నడిచేవీ కాయలే.
పండేది మాత్రం ఇక్కడే.

పిక్కలు నాలుగు. చింతపిక్కలు.
ఒకవైపు బండమీద అరగదీస్తే
పాలపన్నులా తెల్లబడతాయి.
నాలుగూ తెల్లన పడితే చెమ్మ. నాలుగు అడుగులు.
నాలుగూ నల్లన పడితే అష్ట. ఎనిమిది.
మిగతాది నీ కళ్ళకు కనపడేదే,
ఎన్ని తెలుపులో అన్ని అడుగులు.
అష్టకీ చెమ్మకీ మళ్ళీ వెయ్యొచ్చు.
వరసగా మూడుసార్లు పడ్డాయా, అంతా తాలు, లెక్కలోకి రాదు.
ఆశ ఎక్కువైతే కాయకి రంగు నిలవదంటుంది సైదాబీ.
దానికి రెండోసారే ఎప్పుడూ పడి చావదు మరి.

అంచు చిట్లిన ఆ పిక్క చూశావా?
అది రాహేలు అరగదీసింది.
పోయినేడు దాకా నువ్వు కూచున్న చోటే కూచునేది.
కోరు ఊపిరితిత్తులకెక్కి మానేసింది.
పదిసార్లు వేస్తే ఏడుసార్లు తెల్లనే పడుతుందది.
అందరికీ తెలుసు.
మార్చమని ఎవరూ అనరు.

నావి విరిగిన గాజుముక్కలు.
సైదాబీవి చొక్కా గుండీలు.
ఎస్తేరమ్మ ముచ్చికలు పెడుతుంది,
గాలికి ఎగిరిపోతాయి, అప్పుడు తగాదా.
నీకు? సరే, ఒక తేజ కాయని నాలుగు ముక్కలు చెయ్యి,
మేస్త్రీ చూడకుండా.

నీ ఇంటి నుంచి కుడిచేతి వైపు బయలుదేరాలి.
చుట్టూ తిరిగొచ్చి, లోపలి వరసలో ఎదురు తిరగాలి.
ఇంట్లో ఉన్న కాయని ఎవరూ కొట్టరు.
బయట దొరికిందా, దయాదాక్షిణ్యాల్లేవు,
అన్నం పెట్టిన చేతిదైనా సరే, మొదటికి పో.
ఒక్కదాన్నైనా కొట్టందే లోపలికి రానివ్వం.
అదేం న్యాయమని అడక్కు.
నేనూ అడిగాను ఓసారి,
మా అమ్మమ్మ పిక్కలు నా చేతిలో పోసి
"వెయ్యవే ముందు" అంది.

వెయ్యి.
పేరేమన్నావ్, సలోమీ? వెయ్యి సలోమీ.

అష్ట!
రాహేలు పిక్క కూడా నల్లన!
ఒసే ఎస్తేరమ్మా, చూశావంటే ఈ విడ్డూరం?
ఎనిమిది నడువు. అదిగో, ఎదురింట్లో దిగావు.
మళ్ళీ వెయ్యి.
రెండు.
అయ్యో, మూలగడి. పోనీలే.

ఈల పడింది.
పిక్కలు నా కొంగున ముడేస్తాను, లే.
ఇంకాసేపట్లో ఈ గీతల మీద టిక్కీలు దింపుతారు.
రేపు మళ్ళీ గీసుకుని
ఎవరి కాయ ఎక్కడుందో నోటితో చెప్పుకుంటాం.
ఇన్నేళ్ళలో ఒక్క గడి తేడా రాలేదు.
కాటా కాడ మన కిలోలు రాసేవాడికి
పుస్తకముంది, పెన్నుంది, కాలిక్యులేటరుంది.
సాయంత్రం చూస్తావుగా.

నీది ఎడమ మూల,
సైదాబీకి మూడు పడితే చచ్చే చోటు.
అది నేను గుర్తుపెట్టుకుంటా.
నాది నువ్వు గుర్తుపెట్టుకో.